కొత్త వైద్యుడు, పాత రోగి

కొత్త వైద్యుడి కంటే పాత రోగి మేలు అనే సామెత మీరు వినే ఉంటారు. నలుగురూ కూర్చున్నచోట నవ్వుకోవడానికి వాడే మాటే గాని, దాని వెనుక ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఆ కొత్త వైద్యుడు అనుభవం సంపాదించాలంటే ఎవరో ఒకరి మీద చెయ్యి వేయక తప్పదు. ఆ ఎవరో ఒకరు ఎవరు? వాళ్లను అడిగే చెయ్యి వేస్తున్నామా? నేర్చుకునే కాలంలో జరిగే పొరపాట్ల భారం ఎవరు మోయాలి?

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్నను ఆసుపత్రిలోనే వదిలేయకుండా మన గడపల దగ్గరికి తెస్తున్నాను. ఆపదలో ఉన్న పిల్లలకు, కుటుంబాలకు తోడుగా నిలబడే సోషల్ వర్కర్లు ఉన్నారు. (సామాజిక కార్యకర్త అంటే మన ప్రాంతంలో ముందుగా పార్టీ జెండా గుర్తుకు వస్తుంది కాబట్టి, జనం వాడే మాటే వాడుతున్నాను.) వాళ్లలో కొందరికి రెండు పనులు. ఒకటి, కుటుంబాన్ని ఆదుకోవడం. రెండవది, ఎం.ఎస్.డబ్ల్యు. చదివే విద్యార్థిని వెంట తీసుకువెళ్లి పని నేర్పడం. ఆ చదువులో వారానికి కొన్ని రోజులు తరగతి అయితే కొన్ని రోజులు ఇళ్ల సందర్శన. చూసిందీ విన్నదీ విద్యార్థి రాసుకురావాలి. ఆ రాత ముందు పెట్టుకొని, ఎక్కడ బాగా చేశావు, ఎక్కడ తడబడ్డావు అని పెద్దవాళ్లు చెప్పాలి. ఈ రెండు పనులూ ఒకే మనిషి, ఒకే గడపలో, ఒకే గంటలో చేయడం న్యాయమేనా?

నేర్చుకోవడమే తప్పు అని ఎవరూ అనలేరు. ఇళ్లు కట్టగా కట్టగా మేస్త్రీ అవుతాడనీ, అలాగే న్యాయమైన పనులు చేయగా చేయగా మనిషి న్యాయవంతుడవుతాడనీ అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. గట్టు మీద కూర్చొని ఈత నేర్చినవాడు లేడు కదా. అయితే మేస్త్రీ చేతిలో ఇటుక విరిగితే మరో ఇటుక తెచ్చుకుంటాడు. అరిస్టాటిల్ ఉదాహరణ మనకు సరిపోనిది అక్కడే. పిల్లల విషయంలో మరో ఇటుక లేదు.

మంచి మనసు ఉంటే చాలదా, దీనికి చదువు ఎందుకు అని కొందరు అడుగుతారు. అమెరికాలో పేదల ఇళ్లకు వెళ్లి సాయం చేసే సంఘాల వాళ్లూ మొదట అలాగే అనుకున్నారు. చాలదని తెలిశాక 1898లో న్యూయార్కులో ఆరు వారాల వేసవి తరగతులు పెట్టారు. మన దేశంలో 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట సోషల్ వర్క్ విద్యాలయం మొదలైంది. 1944లో అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. మొదలైన మరుసటి ఏడే, 1937లో, ఆ విద్యాలయం పిల్లల కోసం చైల్డ్ గైడెన్స్ క్లినిక్ తెరిచింది. బడికి పోనని మొండికేసే పిల్లలు, రాత్రి ఉలిక్కిపడే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, వీళ్లతోపాటు నేర్చుకునే విద్యార్థులు, అందరికీ చోటిచ్చే క్లినిక్ అనే ఆలోచన అది. అదే సంస్థలో బోధించిన జెరూ బిలిమోరియాకు బొంబాయి వీధుల్లో, రైలు ప్లాట్‌ఫారాల మీద బతికే పిల్లలతో పరిచయం. ఆ పిల్లలు అర్ధరాత్రి ఆపదలో ఆమెకే ఫోను చేసేవారు. దాని నుంచే 1996లో చైల్డ్‌లైన్ పుట్టింది. 1098 అనే అంకెలను "దస్ నౌ ఆఠ్" అని పలకడం కూడా పిల్లల నోటి మాటే. 2023లో ఆ సేవ ప్రభుత్వ శాఖల చేతికి మారింది గాని, నంబరు అదే. ఒక కళాశాల పనిగా మొదలైనది దేశమంతటి పిల్లలకు దిక్కయింది. కాబట్టి నేర్పడమూ ఆదుకోవడమూ ఒకదానికొకటి శత్రువులు కానక్కర్లేదు.

ఇంతవరకు బొంబాయి మాట. ఇక మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల సంగతి చూడండి. బీడీలు, సాంచెలు, గల్ఫు, ఈ మూడింటిలో ఏదో ఒకటి తగలని పేద కుటుంబం మన దగ్గర అరుదు. 1986 బాలకార్మిక చట్టం పిల్లలతో చేయించకూడదని పట్టిక వేసిన పనుల్లో బీడీల తయారీ ఉంది, బట్టల నేత, అద్దకం కూడా ఉన్నాయి. అంటే కోరుట్ల పనీ సిరిసిల్ల పనీ రెండూ ఆ పట్టికలో ఉన్నాయన్నమాట. బయటి నుంచి వచ్చిన విద్యార్థికి ఆ పట్టిక కంఠస్థం. కాని కంపెనీ ఇచ్చిన తునికాకు బాగుండకపోతే వెయ్యి బీడీల లెక్క ఎలా తప్పుతుందో, ఆ లెక్క నింపడానికి బడి నుంచి వచ్చిన బిడ్డ చేయి ఎందుకు తల్లి చాటలోకి వస్తుందో పట్టికలో ఉండదు. అది తల్లికి తెలుసు. సిరిసిల్లలో ఆసామికీ కూలికీ తేడా ఏమిటో, సాంచె ఆగిన వారం ఇంట్లో మొదట ఏ ఖర్చు తెగుతుందో ఆ ఇంటి ఇల్లాలికి తెలుసు. ఇక్కడ పాత రోగి నిజంగానే మేలు.

పునీత తోమాసు అక్వీనాసు వివేకం అనే సుగుణాన్ని విడదీసి చూపిస్తూ, అందులో ఒక భాగంగా నేర్చుకునే వినయాన్ని చేర్చాడు. జీవితపు సంగతులు లెక్కలేనన్ని విధాలుగా ఉంటాయి కాబట్టి ఎవడూ తనకు తానే చాలడనీ, చదువుకున్న పెద్దలకు సైతం ఈ వినయం కావాలనీ ఆయన భావం. ఈ లెక్కన ఆ ఇంట్లో గురువు ఎవరు, శిష్యురాలు ఎవరు? చాప పరిచి కూర్చోమన్న తల్లి గురువు. పుస్తకం పట్టుకొని కూర్చున్న అమ్మాయి శిష్యురాలు. కాని మన రాతల్లో, రిపోర్టుల్లో ఆ తల్లి పేరు "కేసు".

కష్టం ఎక్కడ వస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది ఊహ మాత్రమే, ఎవరి ఇల్లూ కాదు. కోరుట్లలో ఒక గది ఇల్లు. తల్లి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చేస్తోంది. తండ్రి గల్ఫుకు పోయి మూడేళ్లయింది, ఎనిమిది నెలలుగా ఫోను లేదు. తొమ్మిదేళ్ల పెద్దపిల్ల బడికి నాగాలు పెడుతోందని సోషల్ వర్కర్ వస్తూ పోతూ ఉంది. ఈసారి ఒక విద్యార్థినిని తెచ్చింది. ఆ అమ్మాయి పిల్ల పక్కన కూర్చొని, నోటుబుక్కులో బొమ్మ చూసి మెచ్చుకొని, బాగానే మాట కలిపింది. ఉన్నట్టుండి, "మీ నాన్న గుర్తొస్తాడా?" అని అడిగింది. అవ్వ ముందు, అమ్మ ముందు. పిల్ల తల వంచుకుంది. తల్లి చేతిలో ఆకు ఆగిపోయింది.

పెద్దావిడ ఇప్పుడేం చేయాలి? ఊరుకుంటే విద్యార్థిని తన తప్పును తానే చూసి నేర్చుకుంటుంది. శిక్షణ గ్రంథాలు చెప్పేది చాలావరకు అదే, అడ్డుపడవద్దు, తడబడనివ్వండి అని. అడ్డుపడితే పిల్లకు ఊపిరాడుతుంది, కాని ఇంటివాళ్ల ముందు ఆ అమ్మాయి చిన్నబోతుంది, మళ్లీ ఆ ఇంట్లో ఆమెకు నోరు పెగలదు. నా మట్టుకు ఇందులో సందేహం లేదు, పిల్ల ముందు. నేర్పడం కోసం పిల్లను ఒక్క నిమిషం కూడా ఆ ప్రశ్న కింద ఉంచే హక్కు ఎవరికీ లేదు. అయితే పిల్లను తప్పించడానికి విద్యార్థినిని గద్దించనక్కర్లేదు. "అక్కా, ఈ వారం ఆకు మంచిగొచ్చిందా?" అని తల్లితో మాట కలిపితే చాలు, ఆమె చేతులు మళ్లీ కదులుతాయి, పిల్ల నీళ్ల వంకతో లేచిపోతుంది. విద్యార్థినితో చెప్పాల్సింది తిరుగు బస్సులో చెప్పుకోవచ్చు. కాని అక్కడితో అయిపోలేదు. బస్సు దిగేసరికి విద్యార్థినికి ఆ పాఠం పూర్తవుతుంది. పిల్లకు ఆ రాత్రి ఇంకా మిగిలే ఉంది. కాబట్టి ఆ వారంలోనే ఎవరో ఒకరు ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలి, విద్యార్థుల షెడ్యూలులో ఆ రోజు ఉన్నా లేకపోయినా.

కుటుంబం ఒప్పుకుంది కదా, ఇంకేం అనేవాళ్లున్నారు. ఒప్పుకోవడం అంటే ఏమిటో కొంచెం ఆగి చూద్దాం. 2014లో మొదలైన ఆసరా పింఛన్లలో తరువాత బీడీ కార్మికులకూ చోటు దొరికింది. ఏ కాగితం ఎవరి చేతిలో ఉందో తెలియని ఇల్లాలు, సంచీ వేసుకొని వచ్చిన మేడం వెంట ఇంకొకరిని తెస్తే వద్దంటుందా? వద్దంటే పింఛను ఆగుతుందేమో, పిల్ల హాస్టలు సీటు పోతుందేమో అని ఆమె భయం. ఆ భయం నిజం కాకపోవచ్చు. ఆ సంగతి ఆమెకు ఎవరైనా చెప్పారా? మనిషిని కేవలం సాధనంగా వాడుకోవద్దని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో రాశాడు. ఆ వాక్యంలో "కేవలం" అన్న మాటను చాలామంది దాటవేస్తారు. బస్సు డ్రైవరును, వంటమనిషిని మనం రోజూ మన పనికి వాడుకుంటూనే ఉన్నాం, తప్పేం లేదు. వాళ్లకు తెలిసి, వాళ్లు కాదనగలిగి, వాళ్లకూ దక్కవలసింది దక్కితే అది న్యాయమే. ఈమె చదువుకునే పిల్ల, తప్పులు చేయవచ్చు, మీరు వద్దంటే తీసుకురాను, మీకు రావలసినదేదీ ఆగదు అని ముందుగా, విద్యార్థిని లేని సమయంలో చెప్పాలి. కొన్ని ఇళ్లు నిజంగానే వద్దంటాయి. అప్పుడు శిక్షణకు ఒక ఇల్లు తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఇక్కడ మరో విషయం నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. డబ్బున్న ఇంట పిల్ల దిగులుగా ఉంటే హైదరాబాదులో పేరున్న డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. విద్యార్థుల చేతులు పడేది పేద పిల్లల మీదే. సర్కారు దవాఖానాలో జూనియర్ డాక్టర్లు నేర్చుకుంటారు, నేర్చాక చాలామంది ప్రైవేటుకు పోతారు. ఎం.ఎస్.డబ్ల్యు. చదివినవాళ్లలోనూ ఎందరో కంపెనీల్లో హెచ్.ఆర్. ఉద్యోగాలకు వెళుతున్నారు. వెళ్లడం నేరం కాదు, ఎవరి కుటుంబం వాళ్లకుంది. కాని ఎదుటి మనిషి చెప్పేది ఓపికగా వినడం వాళ్లకు ఏ గదిలో వచ్చింది? దానికి ఫీజు ఎవరికి కట్టారు? 1990ల చివరి నుంచి సిరిసిల్లలో నేత కార్మికులు వరుసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు పత్రికలు ఆ ఊరిని ఉరిసిల్ల అని రాశాయి. అలాంటి ఇంట్లో ఒక తల్లి "మీరు రాసుకపోతే మాకేమొస్తది బిడ్డా?" అని అడిగితే, చదువుకున్నవాళ్లు దాన్ని నిష్ఠూరం అనుకుంటారు. నా దృష్టిలో అది చక్కటి తత్త్వశాస్త్ర ప్రశ్న, దానికి జవాబు బాకీ ఉంది. ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత వాళ్లకూ తెలుసు.

రాసుకుపోవడం గురించి ఒక మాట. పేరు మారిస్తే గుట్టు దాగుతుందని కళాశాలల్లో అనుకుంటారు. మన ఊళ్లలో దాగదు. ముగ్గురు ఆడపిల్లలు, భర్త భీవండిలో, అత్తకు పక్షవాతం అని రాస్తే చాలు, వీధి వీధంతా గుర్తుపడుతుంది. ఆపదలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టరాదని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. పేరొక్కటే కాదు, గుర్తుపట్టించే ఏ వివరమూ పత్రికలకు ఎక్కకూడదు. తరగతి గదిలో ముప్పై మంది ముందు చదివే కాగితానికీ ఆ జాగ్రత్త వర్తించాలి.

దీనికి ఎదురుగా ఇంకో ప్రమాదం ఉంది. పిల్ల నమ్మి ఒక చేదు సంగతి చెప్పబోతుంది, "ఎవరికీ చెప్పవు గదా అక్కా?" అంటుంది. చెప్పను అని మాటివ్వడం కొత్తవాళ్లకు ఎంతో సహజం. ఇవ్వకూడదు. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలని 2012 పోక్సో చట్టం విధి. పాపసంకీర్తనంలో గురువుకున్న మౌనం వేరు, విద్యార్థి మౌనం వేరు. "నిన్ను కాపాడగలవాళ్లకు మాత్రం చెప్తాను, నీకు చెప్పకుండా చెప్పను" అన్నదే నిజాయితీ గల మాట. ఆ మాట వినడానికి చేదుగా ఉంటుంది, పిల్ల నోరు మూసుకుపోవచ్చు కూడా. అందుకే ఆ సమయంలో అనుభవం ఉన్న మనిషి పక్కగదిలోనైనా ఉండాలి.

చివరికి వెళ్లిపోవడం. విద్యార్థులు సంవత్సరాంతంలో వెళ్లిపోతారు. పిల్లకు సంవత్సరాంతం అంటే తెలియదు, అక్క రావడం మానేసింది అని మాత్రం తెలుస్తుంది. తండ్రి గల్ఫులో ఉండి ఫోను మానేసిన పిల్లకు ఇది రెండోసారి. 1991లో రంగారెడ్డి జిల్లాలో వెట్టిలో ఉన్న పిల్లలతో ఎం.వి. ఫౌండేషన్ పని మొదలైనప్పుడు, ఆచార్య శాంతా సిన్హా, ఆమె సహచరులు ఆయా ఊళ్ల చదువుకున్న యువతీయువకులనే కార్యకర్తలుగా తీర్చారు. ఆ పనికే ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పద్ధతిలోని మేలు ఏమిటంటే, నేర్చుకున్నవాళ్లు ఆ ఊళ్లోనే ఉంటారు, పిల్లకు బావి దగ్గరో బడి దగ్గరో కనబడతారు. పట్నం కళాశాల విద్యార్థిని అలా ఉండమనలేం. కాని ఎప్పుడు వెళతానో మొదటి రోజే చెప్పవచ్చు. గోడ క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ పిల్ల చేతనే గీత గీయించవచ్చు. ఆఖరి రోజున, తరువాత వచ్చే అక్కను పక్కన కూర్చోబెట్టవచ్చు.

మీ ఇంటికో, మీ వాడలోకో అలా ఎవరైనా పుస్తకం పట్టుకొని వస్తే టీ ఇవ్వండి, ఏ కాలేజీ అని అడగండి. ఎన్నాళ్లుంటారు, తరువాత ఎవరొస్తారు అని కూడా అడగండి. ఫోను నంబరు తీసుకునేటప్పుడు విద్యార్థిదే కాకుండా ఆమెను పంపిన పెద్దావిడది కూడా తీసుకొని, ఆ క్యాలెండరు పక్కనే గోడ మీద రాసుకోండి.