అడగకుండా చూడవచ్చునా?



మీ కుమారుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. చేతిలోని ఫోనులో మాత్రం అర్ధరాత్రి దాకా ఏదో రాస్తూనే ఉంటాడు. ఆ రాతలను ఒక యంత్రం చదివి, అబ్బాయి దిగులులో ఉన్నాడు, కాస్త కనిపెట్టి ఉండండి అని రహస్యంగా మీకు కబురు పంపుతానంటే మీరు వద్దంటారా? చాలామంది తలిదండ్రులు వద్దనరు. ప్రాణం కంటె గుట్టు ఎక్కువా అని ఎదురు అడుగుతారు.

ఇది ఊహకు చెందిన ప్రశ్న కాదు. మనిషి రాసే మాటలను, గొంతులోని తేడాను, పెట్టుకునే ఫొటోల రంగులను చూసి మనోవ్యాధిని ముందుగా పసిగట్టాలని కృత్రిమ మేధతో ఎన్నో ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆత్మహత్య ఆలోచన తొంగిచూసే రాతలను ఫేస్‌బుక్ సంస్థ 2017 నాటికే యంత్రం చేత వెదికించింది. కాబట్టి ఆ యంత్రానికి మనం ఎంత దూరం తలుపు తీయాలో తేల్చుకోవలసిన సమయం వచ్చింది.

ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి చెబుతాను. చాడ్ వారా అనే ఆంగ్లికన్ గురువు 1935లో ఒక పద్నాలుగేళ్ళ బాలికకు భూస్థాపన జరిపించాడు. ఆమెకు నెలసరి మొదలైంది. అదేదో చెడ్డ రోగమని భయపడి ప్రాణం తీసుకుంది. అది రోగం కాదని చెప్పేవారు ఆమెకు ఒక్కరూ లేకపోయారు. వారా ఆ సంగతి మరచిపోలేదు. 1953లో లండనులోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ దేవాలయంలో ఒక టెలిఫోను పెట్టి, చావాలనుకునేవారు తనకు ఫోను చేయవచ్చునని ప్రకటించాడు. అదే సమారిటన్స్ సంస్థకు ఆరంభం. ఆయనను చూడవచ్చినవారికి టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి కొందరు స్వచ్ఛంద సేవకులు ఉండేవారు. వచ్చినవారిలో చాలామంది ఆ సేవకులతోనే మనసు విప్పి చెప్పుకుని, ఇక గురువును చూడనవసరం లేదని తేలికపడి వెళ్ళిపోయేవారట! ఈ పని వీరే చేయగలరని గ్రహించి 1954లో వారా దానిని వారికే అప్పగించాడు.

గమనించండి. అక్కడ ఫోను చేసేది బాధలో ఉన్న మనిషి. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో అతని ఇష్టమే.

అదే సంస్థ 2014 అక్టోబరులో రాడార్ అనే ఒక ఏర్పాటు తెచ్చింది. ట్విట్టర్‌లో మీరు ఎవరి రాతలను చదువుతారో వారి మీద దానిని నిలుపుకోవచ్చు. వారి రాతలలో నిరాశను సూచించే మాటలు కనబడితే మీకు ఈమెయిల్ వస్తుంది. తమను గమనిస్తున్నట్టు వారికి మాత్రం తెలియదు. నేటి కృత్రిమ మేధతో పోలిస్తే అది చాలా మోటు పనిముట్టు. అయినా ఉద్దేశం మంచిదే కదా. మరి అభ్యంతరం చెప్పింది ఎవరు? మనోవ్యాధితో బతుకుతున్నవారే ముందు నిలిచి కాదన్నారు. మా క్షేమం కోరేవారికే కాదు, మమ్మల్ని వేధించేవారికి కూడా ఈ కబురు అందుతుంది, ఇక మేము మా బాధ రాసుకోము అన్నారు. పది రోజులు తిరగకుండానే దానిని నిలిపివేశారు. 2015లో పూర్తిగా మూసివేశారు.

నా మటుకు నాకు వారి అభ్యంతరం న్యాయమనిపిస్తుంది. పైగా లెక్క కూడా ఒకటి ఉంది. వెయ్యిమందిలో పదిమందికి నిజంగా ప్రమాదం ఉన్నదనుకుందాం. యంత్రం నూటికి తొంభైసార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. అది పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది, మంచిదే. కాని మిగిలిన 990 మందిలో 99 మంది మీద కూడా వేలు చూపుతుంది. మన ఊళ్ళలో ఒకసారి మతి సరిగా లేదన్న పేరు పడితే పెళ్ళి సంబంధాల దగ్గర, ఉద్యోగం దగ్గర ఆ పేరు ఎంతకాలం వెంటాడుతుందో మీకు వేరే చెప్పాలా? ఆ 99 మందిలో మీ అమ్మాయి ఉండవచ్చు.

రక్తపరీక్ష కూడా తప్పు చెబుతుంది గదా అని వైద్యులు అనవచ్చు. నిజమే. అయితే రక్తం ఇవ్వడానికి మనమే చెయ్యి చాపాం.

అలాగని యంత్రాన్నే కాదనడం కూడా తొందరపాటే. మన దేశంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం నూరుమంది పెద్దలలో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. మానసిక వైద్యుడు జిల్లా కేంద్రం దాటి దొరకడం కష్టం. రోగి ఒప్పుకుని, వైద్యుడు దగ్గర ఉండి, గొంతునో రాతనో యంత్రానికి చూపించి సలహా తీసుకుంటే అందులో తప్పేమీ నాకు కనబడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం రోగి సంగతులు గోప్యంగా ఉంచాలని చెబుతున్నది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు ఇచ్చింది. ఒక కంపెనీ చేతిలోని యంత్రం అంత కట్టుబాటుతో ఉంటుందా అన్నది మాత్రం మనం గట్టిగా అడగవలసిన మాట.

ఇక మీ కుమారుని విషయం. అటువంటిది ఇంట్లోకి తెచ్చుకోదలిస్తే ముందు అతనికే చెప్పండి. వద్దంటే ఎందుకు వద్దో అడిగి, చెప్పింది మధ్యలో ఆపకుండా వినండి. యంత్రం కబురు పంపిన రాత్రి మీరు అతని గదిలోకి వెళ్ళి ఏమంటారో కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. అది మీకోసం యంత్రం చేసిపెట్టదు. ఏమనాలో తోచకపోతే 14416కు ఫోను చేయండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అది. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు పడవు. ఆ నంబరు మీ అబ్బాయికి కూడా ఇవ్వండి. చేయడం, చేయకపోవడం అతనికి వదలండి.