ఊపిరికి పిట్టగోడ

పొగ త్రాగువానిని ఎవరైనను మందలించినయెడల అతడిచ్చు జవాబు తరచుగా ఒక్కటే: "డబ్బు నాది, గుండె నాది, మీకేమి నష్టము?" ఈ జవాబును తేలికగా త్రోసివేయరాదు. మనస్సాక్షి స్వాతంత్ర్యమును గౌరవించు సంఘములో దానికి కొంత బలము కలదు. దానికి ప్రసంగవేదిక మీదనుండి వచ్చు ప్రత్యుత్తరమును ఒక్కటే: దేహము దేవుని ఆలయము, దానిని పాడుచేయరాదు. ఆ మాట సత్యమే. అయితే ఇది త్రాగువానికిని అతని దేహమునకును సంబంధించిన వ్యవహారమని ఇరుపక్షములును ఒప్పుకొనుచున్నవి. ప్రక్కన కూర్చున్నవారు ఆ వాదములో ఎక్కడను కనబడరు.

వారిని వాదములోనికి తెచ్చినవారు వేదపండితులు కారు. జపాను పరిశోధకుడు తకేషి హిరయామా, పొగ త్రాగని 91,540 మంది భార్యలను 14 సంవత్సరములు గమనించి, 1981లో తన లెక్కలను ప్రకటించెను. దినమునకు 20 సిగరెట్లో అంతకు మించియో కాల్చు భర్తలుగల స్త్రీలలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు, పొగ త్రాగని భర్తలుగల స్త్రీలకంటె సుమారు రెండింతలని తేలెను. పొగాకు కంపెనీలు ఆ లెక్కను అబద్ధమనిపించుటకు ఎంతో ప్రయత్నించినవి, లెక్క నిలిచినది. 1986లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి సి. ఎవరెట్ కూప్ (ఈయన ప్రెస్బిటేరియన్ విశ్వాసి) తన నివేదికలో, ఇతరుల పొగ ఆరోగ్యవంతులకు సయితము క్యాన్సరు కలిగించుననియు, త్రాగువారిని అదే గదిలో ఒక మూలకు చేర్చినంత మాత్రమున ప్రమాదము తొలగదనియు స్పష్టపరచెను.

కారణము కఠినమైనది కాదు. ఎవరును పీల్చని వేళ సిగరెట్టు కొన తక్కువ వేడితో కాలుచుండును. ఆ పొగ ఏ ఫిల్టరు గుండను పోక, నేరుగా గదిలో కలియును. పసిపిల్లలకు ఉబ్బసము, చెవి వ్యాధులు, ఒక్కొక్కప్పుడు నిద్రలోనే ఆకస్మిక మరణము దానివలన సంభవించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము, ఇతరుల పొగ పీల్చి ఏటేట 10 లక్షలకు పైగా జనులు మరణించుచున్నారు.

భారతదేశములో 1999లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు బహిరంగ స్థలములలో ధూమపానమును నిషేధింప నాజ్ఞాపించినవి. 2003లో చట్టము వచ్చెను. 2008 అక్టోబరు 2 నుండి నియమములు మరింత గట్టిపడెను. కాని ఆ చట్టము ఇంటి గడప యొద్ద ఆగిపోవును. రైల్వే ప్లాట్‌ఫారము మీద జరిమానాకు భయపడి బీడీ ఆర్పినవాడు, ఇంటికి వచ్చి ఉయ్యాల ప్రక్కనే మరియొకటి వెలిగించుకొనవచ్చును. ముక్కు మొగము తెలియని ప్రయాణికునికి దొరికిన రక్షణ కన్నబిడ్డకు దొరకదు.

ఈ గడప లోపలికి వచ్చు ఆజ్ఞ యొకటి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఆ ఇంటి మీదికి వచ్చును. ఆ దినములలో మిద్దె కేవలము కప్పు కాదు. రాహాబు జనుపకట్టె ఆరవేసినది అక్కడనే. అతిథులు పండుకొనినదియు అక్కడనే. పడినవానిని యజమానుడు త్రోసెనా అని ధర్మశాస్త్రము అడుగదు. పడినవాడు ముందుగా గోడ కావలెనని కోరెనా అనియు అడుగదు. ఇల్లు అతనిది గనుకనే బాధ్యత అతనిది. "నాది" అను మాట అక్కడ తప్పించుకొను మార్గము కాదు, పట్టుబడు మార్గము.

"ఆమె ఎన్నడును అడ్డు చెప్పలేదు" అని కొందరు భర్తలు చెప్పుదురు. అడ్డు చెప్పగలిగిన స్థితి ఆమెకు ఉన్నదా? మామగారు చుట్ట వెలిగించినప్పుడు కోడలు కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొని వంటింటిలోనికి పోవును. సంఘపెద్ద వచ్చి సిగరెట్టు తీసినప్పుడు ఇంటివారే అగ్గిపెట్టె అందింతురు. కాదనలేనివారి మౌనమును సమ్మతిగా లెక్కించుట న్యాయము కాదు. (స్త్రీలు త్రాగరని కాదు, ఉత్తరాంధ్ర తీరమున నిప్పును నోటిలోనికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలును, వారి అంగిలికి వచ్చు క్యాన్సరును వైద్యులకు చిరపరిచితములే.)

ఆలయమును గూర్చిన వచనములో అనువాదకులను తికమకపెట్టు సంగతి యొకటి కలదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయమున గ్రీకులో "దేహము" ఏకవచనము, "మీ" బహువచనము. తెలుగులో ఒక్క పెద్దమనిషినైనను "మీరు" అందురు గనుక, చదువరి అది తనయొక్కని దేహమని తలంచును. ఒక్కొక్కరి దేహము అనియే అక్కడి భావమని చెప్పు పండితులున్నారు, కావచ్చును. అయినను ఆ సంఘము ఇండ్లలో కూడుకొనెడిది. ఒక గదిలో ఒకే గాలి పీల్చుచు కూర్చున్నవారు ఆ మాటను కలిసి వినిరి.

పొగ త్రాగువాడును చెరలోనున్నవాడే. నికోటిన్ పట్టు మందలింపుతో విడువదు. ఎందరో ప్రార్థించి మానివేసి, మరల మొదలుపెట్టి, సిగ్గుపడి దాచుకొనుచున్నారు. వారికి వైద్యుని సహాయమును సహోదరుల ఓర్పును కావలెను, కాలమును పట్టును. కాని మానలేనివాడు సయితము ఈ రాత్రియే లేచి, తలుపు మూసి, పెరటి చివరకు నడువగలడు. కారులోనైతే పిల్లలు దిగువరకు ఆగగలడు.