రంగు ఎవరి కోసం

మూడేళ్ల కిందట ఆరు చేపపిల్లల్ని తెచ్చాను. ఒక్కోటి వేలెడంత కూడా లేదు. పసుపుపచ్చ ఒళ్లు, తల నుంచి తోక దాకా నల్లటి చారలు. పేరు ఆరేటస్. సొంతూరు తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు. 700 మీటర్ల లోతున్న ఆ సరస్సులో ఒడ్డు దగ్గర రాళ్ల సందుల్లో బతికే ఈ రకం చేపల్ని అక్కడివాళ్లు ఎంబూనా అంటారు, రాళ్ల చేపలని.

హైదరాబాద్‌లో మా బోరు నీళ్లు గీజర్లను తినేస్తాయి, బకెట్లకు తెల్లగా పొరకడతాయి. ఈ చేపలకు మాత్రం అవే అచ్చొచ్చాయి. మలావీ నీళ్లదీ క్షారగుణమే, పిహెచ్ 8 చుట్టుపక్కల ఉంటుంది. మేము తిట్టుకునే నీళ్లలో ఎవరో సుఖంగా ఉన్నారని మొదటిసారి సంతోషించాను.

ఎనిమిది నెలలకు ఒకటి నల్లబడటం మొదలుపెట్టింది. జబ్బనుకుని మందు కూడా కొన్నాను. జబ్బు కాదు, అది మగది. ఆరేటస్‌లో ఆడవీ పిల్లలూ పసుపే. పెత్తనం దక్కిన మగదానికి ఒళ్లు నలుపుకు తిరిగి, చారలు లేతబడతాయి. దానికి లొంగిన మగవి ఆడవాటి పసుపులోనే తలదాచుకుంటాయి. నేను ముచ్చటపడి కొన్న రంగు వాటి లోకంలో హోదా పట్టీ అన్నమాట.

నల్లది పెద్ద రాయి కింద కాపురం పెట్టి, అటు వచ్చినదాన్నల్లా తరిమింది. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తిన్నది వాటిలో బక్కది. తోక చీలికలై, ఫిల్టరు వెనక నిట్టనిలువుగా నిలబడి ఉండేది. మేత వేస్తే ముందు నల్లది ఎక్కడుందో చూసుకునేది, తర్వాతే గింజకేసి. చేపలు పెంచే మిత్రుడొకాయన, "ఆరు కాదండీ, పాతిక వెయ్యండి. ఎవర్ని కొట్టాలో దానికే తోచదు" అన్నాడు. ఈ రంగంలో అది అందరూ పాటించే కిటుకే. దెబ్బలు తగ్గవు, వాటాలుగా పడతాయి. నాకు మనసొప్పలేదు, తొట్టీ చాలదు. నల్లదాన్నే ఆయనకిచ్చేశాను. ఏదో న్యాయం చేసినట్టు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పదిహేను రోజులు తిరక్కుండా బక్కది నల్లబడింది. అదే రాయి కింద చేరింది. అవే తరుముళ్లు, అంతే కసి. "నిన్నటిదాకా కోడరికం, ఇవాళ అత్తరికం" అంది మా ఆవిడ.

నేను జాలిపడింది ఎవరి మీద? బక్కదాని మీదనే అనుకున్నాను. అది ఉన్న చోటు మీదేమో. ఆ చోట్లో ఇప్పుడు ఇంకొకటి నిలబడింది, ఫిల్టరు వెనకే.

రంగు మన కంటి కోసం కాదని విక్టోరియా సరస్సు ఇంకా గట్టిగా చెబుతుంది. అక్కడి సిక్లిడ్లలో, అంటే ఆరేటస్ కుటుంబానికే చెందిన చేపల్లో, ఆడది మగదాని రంగు చూసి తన జాతివాణ్ణి ఎంచుకుంటుంది. మురుగు, ఎరువులు చేరి నీళ్లు మసకబారిన చోట ఆ తేడా కనపడక జాతులు కలిసిపోతున్నాయని 1997లో ఓలె సీహౌజెన్ బృందం చూపించింది. మన తొట్లలో నీళ్లు అద్దంలా ఉంటాయి, లైటు కూడా వేస్తాం. చూసేది మనం, చూపించుకునేది ఎవరికో.

పోయిన వేసవిలో పసుపువాటిలో ఒకటి మేత మానేసింది. గొంతు కింద ఉబ్బు. దగ్గరగా చూస్తే నోరు పూర్తిగా మూయకుండా, ఏదో నములుతున్నట్టు మెల్లగా కదుపుతోంది. గుడ్లన్నీ నోట్లోనే ఉన్నాయి. మూడు వారాలు మెతుకు ముట్టలేదు. గింజలు ముక్కు ముందు నుంచి జారిపోతుంటే చూస్తూ ఉండేది. దాని ఒంటి మీద కొత్త రంగేమీ రాలేదు. ఆ మూడు వారాలూ తొట్టి ముందు నేను ఎక్కువసేపు కూర్చున్నది దాన్ని చూడ్డానికే. ఒక తెల్లవారుజామున రాళ్ల సందుల్లో తొమ్మిది పిల్లలు కనిపించాయి. అన్నీ పసుపే.

వాటిని వేరే తొట్టిలోకి మార్చాను. పాత తొట్టిలో ఇప్పుడు ఐదు. నల్లది రాయి కింద ఉంది. ఒకటి ఆడదని తేలింది. మిగతా మూడూ పసుపుగానే ఉన్నాయి. వాటిలో ఆడవెన్నో, అదను కోసం కాచుకున్న మగవెన్నో నేను చెప్పలేను.