విశ్వాస గృహం, దాని ఇరుగుపొరుగు

విపత్తు వచ్చినప్పుడు ఒక క్రైస్తవ సంఘం ముందుగా తన సభ్యులను ఆదుకోవడం ఎవరికీ తప్పుగా తోచదు గాని, క్రైస్తవ బోధను నిశితంగా చదివినవారికి అందులో ఒక చిక్కు కనిపిస్తుంది. క్రీస్తు బోధించిన ప్రేమకు కులం, జాతి, శత్రుమిత్ర భేదం వంటి ఎల్లలు లేవు. సంఘమనేది మాత్రం లోపలివారెవరో, బయటివారెవరో తేలినప్పుడే ఏర్పడుతుంది. గలతీయులకు రాసిన లేఖ ఆరో అధ్యాయంలో పౌలు ఈ రెండింటినీ ఒకేచోట పెట్టి, అందరికీ మేలు చేయమంటూనే విశ్వాస గృహానికి చెందినవారి విషయంలో ఆ బాధ్యత మరింత ఎక్కువని చెప్పాడు. ఈ ఆధిక్యం పక్షపాతమా, ప్రేమ పనిచేసే క్రమమా అన్న ప్రశ్నను 2005లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచిన కత్రినా తుఫాను తర్వాత అక్కడి 'మేరీ క్వీన్ ఆఫ్ వియత్నాం' విచారణ అనుభవం వెలుగులో పరిశీలించవచ్చు. విచారణ అంటే ఒక గురువు సంరక్షణలో ఉండే కతోలిక స్థానిక సంఘం.

ఇలాంటి సందర్భాల్లో ముందుగా వినిపించేది వేరొక ప్రశ్న: దేవుడు ఈ ఉపద్రవాన్ని ఎందుకు రానిచ్చాడు? కత్రినా ఆ నగరపు పాపాలకు శిక్ష అని ప్రకటించిన బోధకులు లేకపోలేదు. 1934 బీహారు భూకంపాన్ని అస్పృశ్యతా పాపానికి దైవదండనగా గాంధీ భావించినప్పుడు, భౌతిక ఘటనకు నైతిక కారణం అంటగట్టడాన్ని రవీంద్రనాథ్ ఠాగూర్ తీవ్రంగా ఆక్షేపించాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగిలినవారికంటే పాపులు కారని లూకా సువార్తలో క్రీస్తే చెప్పి ఉండగా, క్రైస్తవులకు ఈ వాదం అసలు అవసరం లేదు. పైగా న్యూ ఆర్లీన్స్‌లో దాదాపు 80 శాతం భూభాగం మునగడానికి ప్రధాన కారణం, సైనిక ఇంజినీర్ల విభాగం నిర్మించిన కరకట్టలు, వరద గోడలు తెగిపోవడమే. కాబట్టి మళ్లీ మొదటి ప్రశ్నకే వద్దాం.

నగరానికి తూర్పు అంచున ఉన్న ఆ విచారణలోని పెద్దతరం వారిలో చాలామందికి కత్రినా మూడో వలస. 1954లో వియత్నాం రెండుగా చీలినప్పుడు వారు ఉత్తరాది గ్రామాలు విడిచి దక్షిణానికి వెళ్లారు. 1975లో సైగాన్ పతనమయ్యాక సముద్రాలు దాటి అమెరికా చేరారు. న్యూ ఆర్లీన్స్ అగ్రపీఠం, అంటే అక్కడి ఆర్చిబిషప్ పాలనలోని కతోలిక వ్యవస్థ, వారికి నివాసం కల్పించింది. ఈ ప్రయాణాలన్నిటిలో ఊరూ, గుడీ వేరుకాలేదు. అందువల్ల తుఫాను చెదరగొట్టినప్పుడు విచారణ గురువు ఫాదర్ వియెన్ టెక్సాస్, అర్కాన్సాస్ రాష్ట్రాల శిబిరాలకు వెళ్లి తనవారిని వెతుక్కోగలిగాడు; ఎవరు ఎక్కడ తలదాచుకున్నారన్న కబురు ఒకరినుంచి ఒకరికి చేరింది. అక్టోబరు నెలలోనే, ఇళ్లలో బురద ఇంకా ఆరకముందే, గుడిలో దివ్యబలిపూజ మళ్లీ మొదలైంది.

ఆ తర్వాత జరిగినది వేదాంతులు ఆలోచించదగినది. ఆ ప్రాంతానికి కరెంటు పునరుద్ధరించాలంటే బిల్లు కట్టే వినియోగదారులు తగినంతమంది తిరిగొచ్చినట్టు రుజువు కావాలని విద్యుత్ సంస్థ అడిగింది. గురువు ఆదివారం పూజకు కిక్కిరిసిన జనం ఫొటోలనూ, వారి పేర్ల జాబితానూ తీసుకెళ్లి చూపించాడు. నవంబరులో దీపాలు వెలిగాయి. క్రైస్తవ పరిభాషలో సహవాసం అంటే ఒకే రొట్టెలో పాలుపంచుకోవడం ద్వారా విశ్వాసులు ఒకే శరీరమవడం. ఆ శరీరం ఇక్కడ కార్యాలయపు బల్లమీద సాక్ష్యపత్రంగా నిలిచింది. దీన్ని భక్తిని లౌకికావసరానికి వాడుకోవడంగా చూడటం తొందరపాటు: కూడి ప్రార్థించడం అలవాటైనవారే కూడి అడగగలిగారు.

నాలుగో శతాబ్దం చివర 'క్రైస్తవ బోధన' గ్రంథాన్ని ఆరంభించిన క్రైస్తవ వేదాంతి అగస్టీను, ఇంటివారికిచ్చే ఈ ఆధిక్యానికి ఒక సమర్థన ఇచ్చాడు. అందరినీ సమానంగా ప్రేమించవలసినదే అయినా అందరికీ మేలు చేయడం మనిషికి అసాధ్యం గనుక, స్థలమో కాలమో సందర్భమో ఎవరిని దగ్గర చేసిందో వారిని చీటీలో తమ వంతుకు వచ్చినవారిగా భావించి చూసుకోవాలని ఆయన అభిప్రాయం. ఈ వాదంలోని బలం ఏమిటంటే, దగ్గరివాడు ఎక్కువ యోగ్యుడని అది చెప్పదు. ఆ దగ్గరితనం యాదృచ్ఛికమని ఒప్పుకున్న సంఘం గోడలు కట్టుకోవడానికి సిగ్గుపడుతుంది.

2006లో తుఫాను శిథిలాలను పారబోయడానికి నగర మేయరు అత్యవసర ఉత్తర్వుతో ఆ పేట సమీపంలోనే చెత్తగుట్ట తెరిపించినప్పుడు, విచారణ జనం నల్లజాతి పొరుగువారితోనూ, పర్యావరణ కార్యకర్తలతోనూ కలిసి పోరాడి, ఆ ఏడాది ఆగస్టుకల్లా దాన్ని మూయించారు. అదే ఏడాది విచారణ ఆధ్వర్యంలో ఏర్పడిన అభివృద్ధి సంస్థ చేపట్టిన ఆరోగ్య కేంద్రం జాతిమతాలతో నిమిత్తం లేకుండా అందరికీ వైద్యం చేసేందుకు ఉద్దేశించినదే. ఇంటివారికోసం కూడగట్టిన బలం వీధికి కూడా పనికొచ్చిందన్నమాట.

అయితే ఈ చరిత్రను ఆదర్శంగా ప్రచారం చేయడంలో ఒక అన్యాయం పొంచి ఉంది. రెండేళ్లలోపే ఇక్కడి వియత్నామీయుల్లో అత్యధికులు తిరిగిరాగా పొరుగు నల్లజాతి కుటుంబాలు అంత సంఖ్యలో రాలేకపోయాయన్న వాస్తవాన్ని, మొదటివారి విశ్వాసం గట్టిదనీ రెండోవారిది బలహీనమనీ అర్థం చెప్పేవారున్నారు. ఆ కుటుంబాల్లో ఎందరో అద్దె ఇళ్లవారు. అధికారులు బస్సుల్లో, విమానాల్లో ఎక్కించి దేశం నలుమూలలకూ పంపేసిన వారిలో చాలామందికి తిరుగు ప్రయాణపు ఏర్పాటే లేదు. వారికీ చర్చిలున్నాయి, తరతరాల విశ్వాసమూ ఉంది. సభ్యులు ఏ రాష్ట్రంలో ఉన్నారో తెలియని సంఘం దేన్ని ఫొటో తీసి చూపించగలదు? కొరింథీయులకు రాసిన రెండో లేఖలో పౌలు కోరినది ఒకరి సమృద్ధి మరొకరి కొరతను తీర్చే సమానత్వాన్ని. కరకట్ట కట్టవలసినవారు, కరెంటు ఇవ్వవలసినవారు తమ వంతు చేయనప్పుడు ఆ లోటును పూడ్చిన విచారణను పొగడటం న్యాయమే, ఆ పొగడ్త బాధ్యత తప్పినవారి బాకీని మాఫీ చేయనంతవరకు.