గోడ వెనుక కాయకము

గృహమునందలి వస్తువులలో కంటికి కానరాక, రేయింబవళ్లు గృహస్థుని ఆరోగ్యమును కాపాడునది నీటిగొట్టము. అది చెడిన దినముననే అది కలదను సంగతి జ్ఞప్తికి వచ్చును. అప్పుడు ఇంటివారు ప్లంబరును పిలుతురు. వచ్చినవాడు గోడ పగులగొట్టి, గొట్టము మార్చి, తిరిగి సిమెంటు పూసి, కూలి పుచ్చుకొని పోవును. అతడు గోడ లోపల చేసినదేమో ఇంటివారికి తెలియదు. అతనికి తెలియును, ఆ పరమేశ్వరునకు తెలియును.

ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. తనకు తెలియని విద్యను నేర్చినవానిని గృహస్థుడు దేనిని బట్టి నమ్మవలెను? కన్నులు మూసికొని నమ్మినచో మోసపోవును. అడుగడుగున అనుమానించినచో సత్యవంతుడైన పనివానిని అవమానించినవాడగును. ఈ రెంటికి నడుమ గల మార్గమేది?

ఇది కొలది రూపాయలకు సంబంధించిన ప్రశ్న యని తలపరాదు. క్షణమునకొక చుక్క చొప్పున కారు కుళాయి దినమునకు 86,400 చుక్కలను నేలపాలు చేయును. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరనుకొనినను అది నాలుగు లీటర్లను మించును. జలనష్టము కంటె ప్రాణనష్టము ఘోరమైనది. స్నానపుగది నేలలోని మురుగుద్వారము క్రింద వంపు తిరిగిన గొట్టము, అనగా ట్రాపు, ఉండును. అందు రెండంగుళముల నీరు నిలిచి, క్రిందనుండి వచ్చు దుర్వాయువును అడ్డగించును. ఆ కొద్దిపాటి నీరే ఇంటికి కావలి. 2003లో హాంకాంగులోని అమాయ్ గార్డెన్స్ అను నివాస సముదాయమున సార్స్ వ్యాధి ప్రబలి, 300 మందికి పైగా రోగపీడితులైరి. 40 మందికి పైగా మరణించిరి. నేలలోని ట్రాపులు ఎండిపోవుటచే మురుగుగొట్టముల మార్గమున వ్యాధి గదులలోనికి ప్రవేశించినదని అచటి ఆరోగ్యశాఖ విచారణలో తేలినది. మంచినీటి గొట్టమును మురుగుగొట్టమును సరిగా ఎడబాపని పనివాడు తెలియకయే ఒక కుటుంబమునకు విషము పోసినవాడగును.

అందుచేతనే అనేక పురపాలక సంఘములు, నీటి సరఫరా సంస్థలు ప్లంబర్లకు లైసెన్సు ఇచ్చు పద్ధతిని ఏర్పరచినవి. ఐ.టి.ఐ.లలో ఈ విద్యకు ఒక సంవత్సరము శిక్షణ కలదు. లైసెన్సు జ్ఞానమునకు సాక్షి. పొరపాటు జరిగినచో ఎవరిని అడుగవలెనో తెలుపు చిరునామా. కాని అది హృదయమునకు సాక్షి కాదు. లైసెన్సు గలవాడును నాసిరకపు గొట్టము వేసి మేలురకమునకు ధర వ్రాయవచ్చును. తండ్రివద్దనో పెద్దమేస్త్రీవద్దనో పని నేర్చి, కాగితము లేకయే నిజాయితీగా బ్రదుకువారును కలరు. కావున కాగితము ఆరంభమే గాని ముగింపు కాదు.

ఒక పట్టణమున మేడ కట్టుకొనిన గృహస్థుని ఊహింపుడు. అతని స్నానపుగది గోడ చెమ్మగిల్లినది. క్రింది వాటాలో అద్దెకున్నవారి పైకప్పున మరక పడినది. మొదట వచ్చిన ప్లంబరు "టేపు చుట్టి, పైన సిమెంటు పూసెదను, గంటలో ముగియును, ఐదువందలు చాలునండీ" యనెను. లైసెన్సు గల రెండవవాడు "అయ్యా, లోపలి ఇనుపగొట్టము తుప్పుపట్టినది. గోడ తెరవక తప్పదు. ఆ భాగము మార్చి, ఒత్తిడి పెట్టి పరీక్షించి, అటుపిమ్మట గోడ మూయవలెను. రెండు దినములు పట్టును" అనెను. గృహస్థుడు మొదటివానికి పని అప్పగించెను. మూడు నెలలకు గోడ ఉబ్బినది. క్రింది వాటా పైకప్పు పెచ్చులూడి పడినది. అప్పుడతడు "ప్లంబర్లందరు మోసగాండ్రు" అని ఊరంత చాటెను.

మోసము చేసినదెవరు? మొదటివాడు తప్పు చేసెను, సందేహము లేదు. కాని సత్యము పలికినవాడు వాకిట నిలిచియుండగా, తాను వినగోరిన మాట పలికినవానినే గృహస్థుడు కోరి పిలిచెను. అతడు చౌకను నమ్మెను గాని మనుష్యుని నమ్మలేదు. నష్టమో, ఏ పాపము నెరుగని క్రింది వాటావారికి కలిగెను. ఒకని నేల మరియొకని పైకప్పగు కాలమున ఇట్టి ఎంపిక కేవలము స్వంత విషయము కానేరదు.

బసవేశ్వరుని కాలమునాటి శరణులు ఈ ప్రశ్నకు ఆచరణమున ఉత్తరమిచ్చిరి. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. వారి పేర్లకు ముందు వృత్తులే బిరుదములై నిలిచినవి. నేలరాలిన బియ్యము నేరుకొనుట కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు నియమమునకు మించి తెచ్చెను. ఇల్లాలు లక్కమ్మ అది ఆశయని పలికి, అధికమైన దానిని తిరిగి అచ్చటనే వేసి రమ్మని పంపెను. చూచువారెవరు? లెక్క అడుగువారెవరు? ఎవరును లేని చోట నిలుచు శుచిత్వమే కాయకము. గోడ మూసివేసిన తరువాత కానరాని అతుకును సక్రమముగా అతికిన ప్లంబరు ఆ పరంపరకు చెందినవాడే.

అయిన కాయకధర్మము పనివానికి మాత్రమేనా? పని చేయించుకొనువానికి లేదా? బసవన్న పటమునకు నిత్యము విభూతి పెట్టు ఇంటనే ప్లంబరునకు వేరు గ్లాసులో నీరిచ్చుట, వయస్సున పెద్దవానిని "ఒరే" యని పిలుచుట, పని ముగిసిన పిదప కూలిలో కోత కోసి "రేపు రమ్ము" అని త్రిప్పుట కానవచ్చుచున్నది. కులభేదమును పాటింపని కల్యాణమును కొనియాడు నోట ఈ మాటలెట్లు వచ్చును? అంతకంటె దారుణమైనది ప్లంబరును సెప్టిక్ ట్యాంకులోనికి దిగుమనుట. రక్షణ సాధనములు లేకుండ మనుష్యుని అందు దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబములకు ఇయ్యవలసిన పరిహారమును సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచినది. వంద రూపాయలెక్కువ ఇచ్చెదనని ఒకనిని ఆ విషవాయువులోనికి పంపు గృహస్థుడు ఎన్ని దాసోహములు చేసినను ఆ దోషము తొలగదు.

కావున నమ్మకమనగా పరీక్షతో కూడిన గౌరవము. లైసెన్సు చూపుమని అడుగుట అవమానము కాదు. తెలిసిన పనివాడు సంతోషముతో చూపును. సామాగ్రికెంత, కూలికెంత అని వేరువేరుగా వ్రాయించుకొనవలెను. గోడ మూయకముందే ఒత్తిడి పరీక్షను కన్నులార చూడవలెను. గొట్టముల మార్గమునకు ఫొటో తీయించి దాచినచో పిమ్మట వచ్చు పనివానికి దారి చూపును. కొంత పైకము ముందుగ ఇచ్చి, పరీక్ష నెగ్గిన క్షణమున మిగిలినది, అడుగకముందే, చేతికీయవలెను. బాగుగ చేసినవాని పేరు ఇరుగుపొరుగుకు చెప్పుట కూలికి మించిన కానుక.

నమ్మదగిన పనివాడు దొరకుట లేదని వాపోవువారు, తామాతనికి నమ్మదగిన యజమానులమా యని ఒకసారి ప్రశ్నించుకొనవలెను. గోడ వెనుక అతడు చేయు పనిని ఇంటివారు చూడలేరు. ఇంటివారు హృదయము వెనుక దాచు తూనికను అతడును చూడలేడు. ఆ రెండు చీకటులయందును సాక్షిగా నిలుచువాడు ఒక్కడే.