రెండోసారి రాజేసిన పొయ్యి

అన్నదానం చేసేవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు. వేళ కాని వేళ వచ్చినవాణ్ణి చూసి మొహం చిట్లించనివాళ్ళు మాత్రం అరుదు. గోదావరి సీమలో, లంకల గన్నవరంలో కాపురమున్న డొక్కా సీతమ్మగారు (1841–1909) అలాంటి ఇల్లాలు. పడవ దిగి ఆకలితో వచ్చిన బాటసారికి ఏ జామైనా ఆ ఇంట విస్తరి పడేది. కులం, ఊరు అడిగేవారు కాదని చెబుతారు. ఆరిన పొయ్యి మళ్ళీ రాజేసి, ఎసరు పెట్టి, అన్నం ఉడికేదాకా నిద్ర ఆపుకోవడం ఎంత కష్టమో వంటింట్లో మసలినవాళ్ళకే తెలుసు. ఆమె గొప్పతనమంతా నాకు అక్కడే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆమె పేరే. ఆ కంచాల్లో కోడిగుడ్డు, చిక్కీ కూడా ఉంటాయి. చూస్తే ఆ తల్లి ఎంత మురిసిపోయేదో!