‘ధర్మాసుపత్రి’ నుండి హక్కు దాకా: నగర బస్తీల వైద్యంలో న్యాయభావన

ప్రవేశిక

ప్రభుత్వ వైద్యశాలకు తెలుగువారి వ్యవహారంలో చిరకాలంగా ఉన్న పేరు ‘ధర్మాసుపత్రి’. ఈ సమాసంలోని ‘ధర్మ’ శబ్దానికి రెండర్థాలు సంభవిస్తాయి. ‘ధర్మం చేయండి’ అన్న యాచకుని మాటలో అది దానం. ‘రాజధర్మం’ అన్నప్పుడు అది విధి. వ్యవహారంలో మొదటి అర్థమే బలపడింది. దానం పుచ్చుకునేవాడు వేళనూ, నాణ్యతనూ, మర్యాదనూ ప్రశ్నించలేడు. హైదరాబాదు వంటి నగరంలోని పేద బస్తీలకు వైద్యం అందుబాటులోకి తేవడమంటే ఏమిటన్న ప్రశ్నను ఈ అర్థభేదం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

దూరం – కాలం

వేల్స్ దేశంలో గని కార్మికుల మధ్య పనిచేసిన వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్ పత్రికలో ఒక విలోమ సూత్రాన్ని ప్రతిపాదించాడు. వైద్యం అవసరం ఎక్కువగా ఉన్నచోటనే మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందనీ, వైద్యం విపణికి లోనైనకొద్దీ ఈ వైపరీత్యం పెరుగుతుందనీ దాని సారాంశం. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులతోపాటు కార్పొరేటు వైద్యశాలలెన్నో ఉన్న హైదరాబాదులోనూ ఈ వైపరీత్యం కనిపిస్తుంది. నగర జీవితాన్ని ‘సిటీలైఫ్’ కవితలుగా మలచిన అలిశెట్టి ప్రభాకర్ 1993లో క్షయవ్యాధితో మరణించాడు. క్షయకు మందులు అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. నయమయ్యే వ్యాధి ప్రాణం తీసినప్పుడు సమాధానం చెప్పవలసింది వైద్యశాస్త్రం ఒక్కటే కాదు.

2015లో ఢిల్లీలో మొదలైన మొహల్లా క్లినిక్‌ల తరహాలో 2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు ప్రారంభమయ్యాయి. వైద్య పరీక్షనూ మందులనూ ఉచితంగా ఇంటి దగ్గరికి తెచ్చి ఇవి దూరాన్ని తగ్గించాయి. అయితే అందుబాటుకు దూరంతోపాటు కాలం కూడా కొలతే. తెల్లవారగానే అడ్డా మీద నిలబడే కూలీ, నాలుగిళ్లలో పనిచేసే స్త్రీ పగటివేళ వైద్యుని దగ్గరకు పోవాలంటే ఆ పూట కూలిని వదులుకోవాలి. సాధారణ క్షయకు చికిత్స కనీసం ఆరు నెలలు; రక్తపోటుకు, మధుమేహానికి చాలామంది జీవితాంతం మందు వాడవలసిందే. ఉచిత వైద్యానికి రోగి చెల్లించే ధర ఈ పోగొట్టుకున్న పూటలు. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ సాయంత్రపు ఓపీకి ఏర్పాటు చేయాలని సూచించింది. కాబట్టి ఈ సమస్య విధానకర్తలకు తెలియనిది కాదు.

ఆపద – నిత్యావసరం

భారత రాజ్యాంగంలోని 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడాన్ని రాజ్యపు ప్రాథమిక విధుల్లో ఒకటిగా పేర్కొంది. కాని 37వ అధికరణం ప్రకారం ఆదేశిక సూత్రాలను న్యాయస్థానం ద్వారా అమలు చేయించుకోలేరు. విధి ఉన్నా, దాన్ని అడిగి తీసుకునే అధికారం పౌరునికి లేదు. ఈ లోపాన్ని సర్వోన్నత న్యాయస్థానం 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో కొంత పూరించింది. రైలు నుంచి పడి తీవ్రంగా గాయపడిన వ్యక్తిని ప్రభుత్వాసుపత్రులు చేర్చుకోకపోవడం జీవించే హక్కుకు భంగమని తీర్పు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఆసుపత్రిలో చేరి చేయించుకునే ఖరీదైన చికిత్సల భారాన్ని ప్రధానంగా స్వీకరించింది.

ఈ రెండూ విలువైనవే. అయితే రెండూ బాధను అది ఆపదగా మారిన తరువాతనే గుర్తిస్తాయి. రోజూ వేసుకోవలసిన రక్తపోటు మాత్ర అందకపోతే అది ఎవరి అపరాధమూ కాదు. పక్షవాతం వచ్చిన తరువాతనే వ్యవస్థ కదులుతుంది. దానబుద్ధికి ఆపద సులభంగా కనిపిస్తుంది. కాపాడిన ప్రాణం కళ్లెదుట ఉంటుంది, కృతజ్ఞత చెబుతుంది. రాకుండా ఆగిపోయిన పక్షవాతం ఎవరికీ కనిపించదు. దాన్ని పట్టించుకోవడానికి దయ చాలదు, విధి అన్న భావన కావాలి.

ఆక్షేపణ – సమాధానం

వనరులు పరిమితమైనప్పుడు ప్రాణాపాయంలో ఉన్నవానికే ముందు ఖర్చు పెట్టాలన్న ఆక్షేపణ తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ఎదుట ఉన్న ప్రాణాన్ని లెక్కల కోసం వదిలేయమనడం నీతి అనిపించుకోదు. కాని ఈ వాదన ఆపదలో ఉన్నవాడినీ, నిత్యవైద్యం కోరేవాడినీ ఇద్దరు వేర్వేరు మనుషులుగా ఊహిస్తుంది. బస్తీలో వారు చాలాసార్లు ఒక్కరే. ఈనాడు మాత్ర అందనివాడే కొన్నేళ్లకు అత్యవసర విభాగానికి చేరుతున్నాడు.

అందరికీ ఒకే వేళ, ఒకే నియమం ఉండడమే సమానత్వమన్నది మరొక ఆక్షేపణ. నెలజీతగాడు సెలవు పెట్టుకోగలడు. అడ్డా కూలీకి సెలవు అంటే పస్తు. వనరు ఉండడం వేరనీ, దాన్ని వినియోగించుకోగల సామర్థ్యం వేరనీ అమర్త్య సేన్ చూపిన భేదం ఇక్కడ వర్తిస్తుంది.

ముగింపు

వైద్యం పొందడానికి రోగి ఏమి వదులుకోవలసి వస్తున్నదన్నదే అందుబాటుకు సరైన గీటురాయి. సాయంత్రం తెరిచి ఉండే తలుపు, ఒకేసారి నెలలకు సరిపడా ఇచ్చే మందులు, రాని రోగిని వెతుక్కుంటూ వెళ్లే ఆశా కార్యకర్త – వీటిని వ్యవస్థ చూపే కనికరంగా లెక్కించరాదు. ఇవి విధి నిర్వహణలో భాగాలు. ‘దవాఖానా’ అంటే మందు దొరికే ఇల్లు; ఆ మాటలో దాత లేడు, యాచకుడు లేడు. పేరులో తొలగిన దానభావం ఆచరణలోనూ తొలగినప్పుడే ‘ధర్మాసుపత్రి’లోని ధర్మానికి రెండవ అర్థం సిద్ధిస్తుంది.